రెండో వరుస, పదిహేడో నంబరు

మార్చి 3, సాయంత్రం 5
మధ్యాహ్నం 2.40కి శ్మశానం గోడ సముద్రంలో పడింది. మొదటి వరుసలో పదకొండు సమాధులు పోయాయి. ఇప్పుడు నీళ్లకి రెండో వరుసే దగ్గర. ఊరు కొత్త కాలనీకి కదలడానికి ఇరవై రోజులుంది. సమాధుల షిఫ్టింగ్ మాత్రం ఈ వారమేనని ఆఫీసర్ చెప్పాడు. లిస్టు రాసే పని నాది.

మార్చి 4
నోటీసు డ్రాఫ్ట్ చేశాను. మనుషులు తక్కువ, టైము తక్కువ. పేరు లేని సమాధులు తరలించబోమని ఒక లైను పెట్టాను. ఆఫీసర్ మెచ్చుకుని సంతకం చేశాడు.

మార్చి 5
మా ఆవిడ నోటీసు చదివి వచ్చింది. కంచం నా ముందు పెట్టి, ఆ లైను మీదేనని చూడగానే తెలిసిందిలెండి అంది.
రెండో వరుసలో పదిహేడు మాది. పాప. పంతొమ్మిదేళ్ల కిందట ఒక్క రోజు బతికింది. పేరు పెట్టలేదు. రాయి మీద తేదీ మాత్రమే ఉంది.
మర్చిపోలేదు, రాసేటప్పుడు గుర్తు రాలేదంతే అన్నాను. రెండూ ఒకటే అంది.

మార్చి 6
ఆ లైను తీసేయమని ఆఫీసర్‌ని అడిగాను. పైకి వెళ్లిపోయిందిగా, ఇంకెక్కడ తీస్తావయ్యా అన్నాడు. కారణం చెప్పాను. పెన్ను మూత తీసి, పెట్టి, ఏదో ఒక పేరు రాసెయ్యండి, ఎవరొచ్చి కార్డు చూపించమంటారు అన్నాడు. అంతవరకూ నన్ను నువ్వనేవాడు. అక్కణ్నుంచి మీరు.
ఇంటికొచ్చి సమాధి తరలింపు ఫారం తీసి రెండు పేర్లు చెప్పాను. మా ఆవిడ గిన్నెలు తోముతూనే, పంతొమ్మిదేళ్ల పిల్లకి ఇప్పుడా పేరు వెతికేది అంది. దానికి పేరుందట. నేను ఆఫీసుకి వెళ్లాక రోజూ పిలుచుకుంటుందట. ఏం పేరన్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడిగారా అంది.

మార్చి 7
లిస్టులో పేరు లేనివి తొమ్మిది. ఎనిమిదింటికి ఇవాళ పేర్లొచ్చాయి. పడవల వడ్రంగి వాళ్ల ముత్తాతకి నా పేరు పెట్టాడు. గౌరవం అనుకునేవు, ఎదురుగా కూర్చున్నది నువ్వని పెట్టానంతే అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
పదిహేడు ఖాళీ.

మార్చి 8, ఉదయం
ఫారం బల్ల మీద లేదు. మా ఆవిడ నింపి, మడిచి, తవ్వకం మేస్త్రీ చేతికే ఇచ్చి వచ్చింది. నాకు చూపించలేదు. నేను అడగలేదు.

మార్చి 8, సాయంత్రం
రేపు ఉదయం 6.40కి నీళ్లు తగ్గుతాయి. ఒకరి బదులు ఒకరిని తీయకుండా, పలుగు వేసేముందు మేస్త్రీ ఫారంలో పేరు గట్టిగా మూడుసార్లు చదవాలి. ఆ రూలూ నేను రాసిందే.
పదిహేడో నంబరు 7.15కి.