మొహంలో కళ

కువైట్ సిటీ,
ఆగస్టు చివరి వారం, 1990

ప్రేమగల నాయనకు,

నేను బతికే ఉన్నాను. ముందు ఈ ఒక్క మాట అమ్మకు చదివి వినిపించు. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకో.

ఇరాక్ సైన్యం దిగినప్పటి నుంచి ఇక్కడ టపా లేదు, బయటి దేశాలకు ఫోను లేదు. ఖైతాన్‌లో ఉండే మన రాయచోటి డ్రైవరు తిమ్మయ్యన్న బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతున్నాడు. ఈ ఉత్తరం ఆయన జేబులో వస్తోంది. నిజానికి నేనూ ఆయనతో రావలసిందే. నిన్న గేటు ముందు నిలబడి ఎంత అరిచాడో! "ఏందమ్మే, ఈడే ఉండి ఏం జేస్తావ్? మీ నాయనకు నేనేం జెప్పాల? రేపే బస్సు పోతాండాది, యల్లా, బయల్దేరు!" అన్నాడు. నేను రానన్నాను. ఎందుకో నీకు చెప్పాలి.

నేను పని చేసే ఇంటావిడను ఇక్కడి పనివాళ్ళందరిలాగే నేనూ మామా అని, అంటే అమ్మా అని, పిలుస్తాను. సెలవులకని భర్త, పిల్లలు కైరో వెళ్ళారు. ఇల్లు ఖాళీగా ఉంటే బొమ్మలు గీసుకోవచ్చని ఆమె ఒక్కతే ఆగిపోయింది. ఇంతలో యుద్ధం వచ్చి పడింది. మేడ మీద గది నిండా ఆమె వేసిన రంగుల బొమ్మలే. షువైఖ్ ఓడరేవులో మూటలు మోసేవాళ్ళు, వీధులు ఊడ్చేవాళ్ళు, బస్సు కోసం ఎండలో నిలబడ్డ ఆయాలు. భర్త దాన్ని పిల్లలాట అంటాడు. ఒకసారి ప్రదర్శన పెట్టే పెద్దమనుషులకు చూపిస్తే, ఓడలూ డేగలూ వెయ్యమ్మా, పనివాళ్ళ మొహాలు గోడకు ఎవరు తగిలించుకుంటారు అన్నారట.

పోయిన వారం సైనికులు లారీ తీసుకుని ఇంటి మీదికి వచ్చారు. ఫ్రిజ్, టీవీ, తివాచీలు, ఏసీలు, చివరికి స్నానాల గదిలో కుళాయిలు కూడా ఊడబెరుక్కున్నారు. మామా గోడకు ఆనుకుని రాయిలా నిలబడింది. వాళ్ళ అధికారి, నెరిసిన మీసాలవాడు, మేడ మెట్లెక్కాడు. అప్పుడు మాత్రం ఆమె పరుగున పోయి బొమ్మల గది తలుపుకు అడ్డం నిలిచింది. వాడు ఆమెను పక్కకు తోసేసి, ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆగి చూశాడు. "మాకూ షీ" అన్నాడు. ఇక్కడేమీ లేదు అని. బంగారు రంగు చట్రాలు మాత్రం పీక్కుని, బొమ్మలు నేల మీద పారేసి పోయారు.

కుళాయిలు పోయినా చలించని మనిషి అప్పుడు కూలబడి ఏడ్చింది. "గంగా, నా బొమ్మలు దొంగకు కూడా అక్కర్లేకపోయాయి" అంది. నాకు మొదట నవ్వొచ్చింది నాయనా. దోచుకోలేదని ఏడ్చే మనిషిని ఎక్కడైనా చూశామా? కానీ వెంటనే నవ్వు ఆగిపోయింది. ఆ ఏడుపు నాకు తెలుసు.

కువైట్ రాకముందు ఏడాది, నీకు తెలియకుండా నేను మేకతోలు గీకి, ఆరబెట్టి, ఉలితో చిల్లులు పొడిచి సీతమ్మ బొమ్మను చేశాను. నువ్వు దాన్ని దీపానికి అడ్డంగా పట్టుకుని చూశావు. "దీంట్లో కళ యాడుందమ్మీ? తోలుకు చిల్లులు పొడిచినావంతే" అన్నావు. ఆట బొమ్మల బుట్ట అడుగున పడేశావు. తోలుబొమ్మల విషయంలో నీ మాటకు మన తాలూకాలో తిరుగులేదు. ఆటలో పాడుతూనే ఉన్నాను గానీ, మళ్ళీ ఉలి పట్టలేదు. కువైట్ పోతానంటే అందరూ ఇంటి ఇబ్బందులకే అనుకున్నారు. అది సగమే. ఆ బుట్ట ఉన్న ఇంట్లో ఉండలేక కూడా వచ్చాను.

నేల మీద పడ్డవాటిలో నా బొమ్మ కూడా ఉంది. బట్టలు ఇస్త్రీ చేస్తూ తల వంచుకున్న బొమ్మ. దాని మీద బూటు అచ్చు పడింది. మామా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "నిజం చెప్పు. వాళ్ళ మాట సరే, నీకేమనిపిస్తుంది?" అని అడిగింది. వేసిన రోజున 'జేన్, మామా', బాగుందమ్మా అని ఊరుకున్నాను. ఈసారి ఊరుకోలేదు. నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. "చేతులు నావే. ఆ కాలిన మచ్చ కూడా సరిగ్గా ఉంది. మొహం మాత్రం నాది కాదు. నువ్వు పనిమనిషిని వేశావు, నన్ను వెయ్యలేదు. మా భాషలో కళ అంటే మొహంలో వెలుగు, నేర్చుకున్న విద్య కూడా కళే. రెండింటికీ ఒకటే మాట. నీకు విద్య ఉంది, ఆ వెలుగు ఇంకా పడలేదు."

ఆమెకు కోపం వచ్చింది. ఆ రోజు అన్నం కూడా తనే వండుకుంది. మర్నాడు పొద్దున కుర్చీ ఒకటి కిటికీ దగ్గరికి లాగి, "ఇస్త్రీ వద్దు, ఏ పనీ వద్దు. నీకు ఎలా కూర్చోవాలనిపిస్తే అలా కూర్చో" అంది. పాత బొమ్మను తిరగేసి వెనకవైపు గీత మొదలుపెట్టింది.

అందుకే రాలేదు. ఆమెను ఒంటరిగా వదలలేకపోవడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఆ బొమ్మ పూర్తి కావాలి, నేను చూడాలి. ఫిరంగుల మధ్య ఈ పిచ్చేమిటని తిట్టుకుంటావు. తిట్టుకో. నాకు భయం లేదు.

నీ కూతురు,
గంగాదేవి


అమ్మాన్ దగ్గరి శిబిరం,
అక్టోబరు 1990

నాయనా,

కువైట్ దాటి వచ్చేశాను. బొంబాయి విమానానికి నా పేరు పిలవాలి, అంతే.

బొమ్మ పూర్తయింది. అందులో నేను కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, ఎదుటివాళ్ళ కళ్ళలోకి నేరుగా చూస్తున్నాను. అమ్మతో పోట్లాడేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో అదే. మామా కుంచె కింద పెట్టి, నా వైపు తిరిగింది. నేను బొమ్మనే చూస్తున్నాను. చాలాసేపు చూశాను.

రంగు ఆరీ ఆరకముందే ఆ నెరిసిన మీసాలవాడు మళ్ళీ వచ్చాడు. ఆయుధాలు దాచారేమోనని ఇల్లంతా వెతికి మేడ ఎక్కాడు. బొమ్మ ముందు ఆగిపోయాడు. నన్ను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. "జేన్! దీన్ని తీసుకుపోతాను" అన్నాడు. మామా పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. "అది నా మొహం, ఎవరింటికి తీసుకుపోతావు?" అని అరిచాను. పక్కవాడు తుపాకీ నా ఛాతీకి ఆనించాడు. మామా నా చెయ్యి బొమ్మ మీంచి విడిపించింది. "వదిలెయ్ గంగా. మళ్ళీ వేస్తాను. నిన్ను మళ్ళీ తేలేను" అంది.

లారీ పోయింది. వాడు మెచ్చుకున్నాడు కదా, మామా సంతోషిస్తుందా అని నేను భయపడుతూనే చూశాను. ఆమె మెట్ల మీద కూర్చుని, "ఆ రోజు వాడు వద్దంటే చచ్చిపోవాలనిపించింది. ఈ రోజు బాగుందంటే కడుపు మండుతోంది, అంతే. వాడికి అప్పుడూ ఏమీ తెలియదు, ఇప్పుడూ ఏమీ తెలియదు" అంది. "మరి ఎవరికి తెలుసు?" అన్నాను. "నువ్వు చూస్తున్నప్పుడు నేను నీ మొహం చూశాను. నాకు అది చాలు" అంది. ఆ మధ్యాహ్నమే ఇంకో బొమ్మ తిరగేసి నన్ను కూర్చోబెట్టింది. తిండి గింజలు అడుగంటాక, ఆమె చెల్లెలి కుటుంబం వచ్చి తోడుగా చేరాక, తనే నన్ను బస్సెక్కించింది.

ఇక ఇక్కడి ముచ్చట. ఎడారిలో గుడారాలు, నీళ్ళ కోసం వరసలు, ఏడుపులు. మా గుడారంలో జ్ఞానమ్మ అని కాకినాడ వైపు నర్సు ఉంది. రొట్టెలు వచ్చిన అట్టపెట్టెలు ఊరికే పడి ఉంటే, ఆమె కత్తెర అడిగి తీసుకున్నాను. రాముణ్ణి, సీతను, హనుమంతుణ్ణి కోశాను. సూదితో చిల్లులు పొడిచాను. సాయంత్రం గుడారం గుడ్డ మీద ఎండ పడుతుంటే, నేను వెలుగువైపు బయట నిలబడి బొమ్మలు గుడ్డకు ఆనించాను. లోపల కూర్చున్నవాళ్ళకు నీడలు కదిలాయి. అశోకవనం ఘట్టం ఎత్తుకుని, నువ్వు నేర్పిన రాగంలోనే పాడాను. తెలుగువాళ్ళే కాదు, మలయాళీలు, పంజాబీలు వచ్చి కూర్చున్నారు. భాష తెలియని ఒక పంజాబీ ముసలాయన హనుమంతుడు రాగానే చప్పట్లు కొట్టాడు.

తర్వాత జ్ఞానమ్మ వచ్చి, "ఏవమ్మాయ్, మీ సీతమ్మ ముక్కు కాస్త వంకరపోయింది గానీ, నాకు మా పిల్లలు గుర్తొచ్చి ఏడుపాగలేదంటే నమ్ము" అంది. ముక్కు వంకరపోయిన మాట నిజమే నాయనా. వచ్చే సీతకు సరిచేస్తాను.

ఇంటికి రాగానే ఉలి అడుగుతాను. ఇవ్వకపోతే రాయచోటిలో కొనుక్కుంటాను. కొత్త తోలుతో కొత్త బొమ్మలు కోస్తాను. నీకు చూపిస్తాను, నువ్వు దీపానికి అడ్డం పట్టి చూడు. తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పు, నీకన్నా తెలిసినవాళ్ళు నాకు లేరు. నువ్వు చెప్పింది సరైతే దిద్దుకుంటాను. కానీ నీకు నచ్చినా నచ్చకపోయినా, వాటిని ఆటలో ఆడిస్తాను. చూసేవాళ్ళు చూస్తారు.

తెరగుడ్డ మాత్రం ఉతికి ఉంచు.

నీ కూతురు,
గంగాదేవి