రెండో అర్ర

జూన్ 4
నాచారం ఇల్లు. ఒక్కడినే. సుజాత మొన్న పోయింది. బాబు తల్లికంటే ముందే. పాప ఉప్పల్ దవాఖానాలో, అద్దాల పెట్టెలో — ఊపిరి మిషనుది.

జూన్ 5
స్కానింగ్ రోజే గుర్తొస్తోంది. డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపింది. సుజాతకు పుట్టుకతోనే గర్భసంచి రెండు గదులుగా చీలి ఉందట. ఒక్కో వైపు ఒక్కో బిడ్డ. "ఇద్దరికీ నెలలు నిండటం కష్టం. ఒకర్ని ఆపేస్తే తల్లికి కూడా మంచిది. ఆలోచించుకోండి."
ఆటోలో సుజాత నవ్వింది. "చెరొక అర్ర దొరికిచ్చుకున్నరు. మనమే కిరాయికుంటిమి... ఇగ ఎవర్ని ఖాళీ చెయ్యమంటవ్?"

జూన్ 7
నిద్ర లేదు. రెండు ఉయ్యాలలూ అటక మీద పెట్టేశాను. ఒకటి మళ్లీ దించాను.

జూన్ 8
బాబు ఆరో నెలలోనే వచ్చేశాడు. ఏడవలేదు. రెండో వైపు తెరుచుకోలేదు, నొప్పులు ఆగాయి. కుట్టు వేసి పాపను లోపలే ఉంచారు. సుజాత ఒకవైపే చెయ్యి పెట్టుకుని పడుకునేది. తర్వాత చలిజ్వరం. లోపల చీము. కోసి పాపను తీశారు. రక్తం ఆగలేదు.

జూన్ 9
నర్సు — "అన్నా, చేతులు కడుక్కొని జర పాప చేతిల వేలు వెట్టు. నిన్ను గుర్తువట్టాలె గదా."
అద్దం ఇవతలే నిలబడ్డాను. అత్తమ్మ మాట — "మైల బిడ్డా. దశదినం అయ్యేదాక పిల్లను ముట్టకు."
చదువుకున్నవాణ్ని. అయినా ముట్టలేదు. ఇదీ పోతుందేమోనని.

జూన్ 11
దశదినం. చెరువు గట్టు మీద విస్తరి. బగారన్నం, మటన్ — సుజాతకు ఇష్టం. కాకులు తీగ మీదే. ఒక్కటీ దిగదు. బావమరిది దండం పెట్టాడు. "అక్కా, అమ్మను నేను సూసుకుంట. వచ్చి ముట్టు." దిగలేదు.
అప్పుడే దవాఖానా ఫోను. పాప ఊపిరి పడిపోతోంది, రండి.
గుండుతో, తడి బట్టలతోనే వచ్చాను. నర్సు గౌను తొడిగింది. పాప అరచేతిలో వేలు పెట్టాను. పట్టుకోలేదు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. బయటికి పంపారు.
బెంచీ. అత్తమ్మ ఫోను. "కాకి ఇంక ముడతలేదు బిడ్డా. సుజాత నీ మాటకే ఆగింది. పిల్లను సల్లగ పెంచుత అని చెప్పు. ఫోను ఇస్తరి కాడ వెడుతున్న."
పెట్టింది. గాలి. కాకుల అరుపు. దూరంగా బావమరిది — "బావా, చెప్పు."
ఏమని మాటివ్వను...
లైన్ ఇంకా ఉంది.