నీ ఎర్ర స్వెటర్ చేరిన చోటు

చిన్నీ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. వరదకు ఇళ్లు మునిగినవాళ్లకు బట్టలు కావాలంటూ మొన్న మన గల్లీకి ఆటోలో ఇద్దరు వచ్చారు. పక్కింటి యాదమ్మ ఏమీ అడక్కుండా మూట ఇచ్చేసింది. నేను మాత్రం నువ్వు నేర్పినట్టే అడిగాను.

"ఏ సంఘం అన్నా మీది? ఏ ఊర్ల పంచుతరు? రసీదు ఇస్తరా?"

"పాత బట్టలకు గూడ రసీదు ఏందక్కా!" అంటూ ఆటోను ఆరాంఘర్ చౌరస్తా వైపు తిప్పేశారు.

"అచ్చం నీ బిడ్డ లెక్కనే సతాయిస్తున్నవ్" అని యాదమ్మ నవ్వింది. ఆ మాట నాకు తియ్యగా అనిపించింది.

మన చర్చి ఆడవాళ్ల సంఘమైతే స్వయంగా వెళ్లి పంచుతుంది, ఎవరికి ఇచ్చారో చూపిస్తుంది. అందుకే ఎయిర్‌పోర్టు డ్యూటీకి నువ్వు వేసుకునే ఎర్ర స్వెటర్‌ను వాళ్ల చేతిలోనే పెట్టాను.

ఇవాళ సంఘంలోని మరియక్క ఫోన్లో ఫొటో చూపించింది. నీ ఈడు పిల్ల నీ స్వెటర్ వేసుకుని ఉంది. వాళ్లమ్మ ఆ పిల్ల నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది.

"పాపం, ఇల్లు మొత్తం పోయిందట చెల్లె" అంది మరియక్క.

నాకు పాపం అనిపించలేదు. కుళ్లు పుట్టింది. ఆమెకు ఇల్లు పోయింది, బిడ్డ ఉంది. స్వెటర్ వెనక్కి తెమ్మని నోటిదాకా వచ్చింది. ఆ ఆటోలో వేసి ఉంటే ఈ ఫొటో చూసేదాన్నే కాదు కదా అనుకున్నాను. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

నీకు సరిగ్గా సరిపోయే స్వెటర్ ఆ పిల్లకు భుజాల దగ్గర వేలాడుతోంది. మరియక్క శనివారం ఆ ఊరికి మళ్లీ పోతుందట. పల్లీ లడ్డూలు చేసి పంపుతున్నాను, ఆ తల్లికి కాదు, పిల్లకు. నువ్వు కూడా కడుపునిండా తిను బిడ్డా.