చిరుగు కనపడని ప్యాంటు

నాన్నా,

నిద్ర లేపబుద్ధి కాక రాసి పెడుతున్నా. లాయరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. నిన్ను గుద్దిన కారు తాలూకు ఇన్సూరెన్సు మనిషి పదకొండింటికి వస్తాడట. కూర్చోబెట్టు, మంచినీళ్లివ్వు, సంతకం మాత్రం పెట్టకు. "చూసుకోకుండా దాటారు కదా" అంటే మొహమాటానికి కూడా తలూపకు. నువ్వు జీబ్రా గీతల మీదే ఉన్నావు. బస్సు కండక్టరు కళ్లారా చూశాడు, కోర్టుకొచ్చి చెప్తానన్నాడు.

ఆ రోజు చొక్కా బీరువాలో పెట్టి తాళం వేశా. వెతక్కు. చిరిగిన ప్యాంటు సాక్ష్యానికి దాచమంటే, దర్జీ చేతులు ఊరుకోవుగా, మంచం మీదే కూర్చుని కుట్టేశావు! చిరుగెక్కడో నాకే దొరకలేదు. నిన్న కోపంలో నోటికొచ్చినట్టు అరిచాను. మనసులో పెట్టుకోకు.

కాలి కట్టు విప్పేదాకా మిషను జోలికి వెళ్లావో, చూడు మరి.

అసలు సంగతి మర్చిపోయా. ప్యాంటు సంగతి పొద్దున భయపడుతూనే లాయరమ్మకి ఫోన్లో చెప్పా. నవ్వింది. దెబ్బలకి ఆసుపత్రి కాగితాలు ఎలాగూ ఉన్నాయట. పోయిన సంపాదన లెక్క చూపడానికి నీకు జీతం కాగితం లేదు కదా, నీ పనితనానికి ఆ కుట్టే రుజువట. ప్యాంటు జడ్జిగారి చేతికిచ్చి, చిరుగెక్కడుందో వెతకమంటుందట.