పడవవాడి సీనుకు బావగారి బాణీ

క్యోటో, ఫిబ్రవరి మొదట్లో

ఉత్సుమి బావగారికి,
మినెగిషి తెయిజో నమస్కరించి రాయునది.

ఇక్కడ ప్లమ్ చెట్లు మొగ్గ తొడిగాయి. మీ కనజావాలో ఇంకా మోకాలి లోతు మంచుంటుంది. ఆ మంచులోనే జారి కాలు విరగ్గొట్టుకున్నారని అక్క రాసింది. కాలికి కట్టున్నా చేతులు ఖాళీయే కదా, అందుకే ఈ ఉత్తరం.

నా సినిమాకు మీరు కట్టిచ్చిన సంగీతం బ్రహ్మాండం. కానీ ఒక సీను తర్వాత చేర్చాను, అది మీరు చూడలేదు. నది మీద వంతెన తెరిచే రోజు. మన ముసలి పడవవాడు ఆఖరిసారి పడవను ఒడ్డుకు చేర్చి, గుంజకు కట్టేసి, ఇక కూర్చుండిపోతాడు. ఆ వెంటనే వంతెన మీద బ్యాండు, జెండాలు, పండగ. ఆయన కూర్చోగానే సంగీతం మొదలై, వంతెన కనిపించగానే ఆగాలి. హాల్లో ప్రతివాడికీ గొంతులో ముద్ద అడ్డుపడాలి.

మీ తెయిజో

తా.క. అక్క పంపిన ఎండుచేపలు అందాయి. పోస్టుమాన్ వాసన పట్టి రెండు అడిగి తీసుకున్నాడు.


కనజావా

చి. తెయిజోకి,
బావ దీవించి రాయునది.

నీ ఉత్తరం మీ అక్కకు రెండుసార్లు చదివి వినిపించాను. జన్మంతా తెడ్డు వేసినవాడు అలా కూర్చునే పోయాడా! అంతకంటే మంచి చావు ఉండదులే. నాలుగు చెల్లో వాయిద్యాలు, గుడి గంట, చివర్లో ఒకే ఒక్క వేణువు. స్వరాలు రాసి దీంతో పెట్టాను. రాస్తుంటే నాకే కాలి నొప్పి మరుపుకొచ్చింది.

మీ బావ

తా.క. శవాన్ని దహనం చేసేదెవరు, కొడుకులున్నారా అని మీ అక్క అడుగుతోంది.


క్యోటో

బావగారికి నమస్కారాలు.

ఆయన చావలేదండీ! కూర్చుండిపోయాడంటే కూర్చున్నాడని!

మీ బాణీని పియానో మీద వాయించి చూశాం. పడవవాడి వేషం వేసిన హచిసుక గారు అక్కడే ఉన్నారు. పెద్దాయన, డెబ్బై దాటినవారు. విన్నంతసేపూ విని, "ఏమయ్యా తెయిజో, నన్ను చంపేశావా? ముందొక మాట చెప్పొద్దూ?" అన్నారు. సాయంత్రం శవయాత్ర నుంచి వచ్చినవాడిలా ఇంటి గడపలో ఉప్పు చల్లించుకుని గానీ లోపలికి వెళ్ళలేదట. దయచేసి బతికున్నవాడికి తగ్గ సంగీతం పంపండి.

మీ తెయిజో

తా.క. ఎంత బతికున్నాడంటే, తర్వాతి సీన్లో రెండు గిన్నెల నూడుల్స్ తింటాడు.


కనజావా

చి. తెయిజోకి దీవెనలు.

మనిషి బతికాడు, అదే పదివేలు. ఎండనక వాననక తెడ్డు వేసే బాధ తప్పింది, హాయిగా కూర్చున్నాడు. నేనైతే ఎగిరి గంతేద్దును, కాలే బాగుంటే. పిల్లనగ్రోవి, మూడు తీగల షమిసెన్, చిన్న డప్పు పెట్టి కొత్త బాణీ కట్టాను. ఇక దిగులు పడకు.

మీ బావ

తా.క. మీ అక్క ఈ బాణీ వింటూ ముల్లంగి తరుగుతూ చిందేసింది. వేలు తెగింది. బాణీ పనిచేస్తుందనడానికి ఇంకేం కావాలి?


క్యోటో

బావగారూ,

నమస్కారం లేకుండా మొదలుపెడుతున్నాను, మన్నించాలి.

కంపెనీ పెద్ద ఒవాదా గారికి మీ కొత్త బాణీతో సీను చూపించాం. ఆయన పగలబడి నవ్వారు. "ముసలోడు పుచ్చుపన్ను పీకించుకున్నోడిలా ఇంత హుషారుగా ఉన్నాడేంటయ్యా?" అన్నారు. హచిసుక గారు లేచి గొడుగు తీసుకుని, షికోకులో మా ఊరు పోతానని బయల్దేరారు. స్టేషనుకు పరిగెత్తి కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్నాను. ఈ నెలాఖరుకు సంగీతం కుదరకపోతే సీను కోసెయ్యమని ఒవాదా గారు తేల్చి చెప్పేశారు. అది కోస్తే నా సినిమాకు ఊపిరి ఉండదు బావగారూ.

ఒకటి అడుగుతాను, దాచకండి. మీ కాలు చూడ్డానికి రాలేదని నామీద కసి తీర్చుకుంటున్నారా?

తెయిజో


కనజావా

తెయిజోకి,

కసి ఉంది, అది వేరే విషయం. ముందు పని సంగతి.

గొంతులో ముద్ద కావాలన్నావు, అది దేని ముద్దో చెప్పలేదు. తెర మీద మనిషి ఏడుస్తుంటే వయొలిన్లు కూడా ఏడవడం ఎందుకు? చూసేవాళ్ళకు ఏడవడానికి ఏం మిగులుతుంది? మొహం చెప్పలేనిదేదో ఉంటే అది సంగీతం చెప్పాలి. కాబట్టి ఒక్క ముక్క రాయి. అలా కూర్చున్నప్పుడు ఆ ముసలాయన మనసులో ఏముంది?

మీ బావ

తా.క. నిజం రాయి. పత్రికల వాళ్ళకు చెప్పేది నాకొద్దు.


క్యోటో

బావగారూ,

నాకు తెలీదు. తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతాను?

తెయిజో

తా.క. హచిసుక గారినే అడిగాను. "నువ్వు కూర్చోమన్నావు, నేను కూర్చున్నాను" అన్నారు.


కనజావా

తెయిజోకి,

ఇలా కాదు. ఊతకర్ర వేసుకుని నేనే వస్తున్నాను. నిదానంగా సాగే బాణీ ఒకటి కట్టాను, అటు ఏడుపూ కాదు, ఇటు నవ్వూ కాదు. తెర మీద బొమ్మ ఆడుతుండగా నేనే నిలబడి వాద్యకారుల చేత వాయింపిస్తాను. ఆ తర్వాత దేవుడి దయ.

మీ బావ

తా.క. నాకు కుర్చీ వేయించు. వేయించి, కూర్చోమని మాత్రం అనకు.


క్యోటో, ఏప్రిల్

పూజ్యులైన బావగారికి తెయిజో సాష్టాంగపడి రాయునది.

రైలు వేళయిందని రికార్డింగు కాగానే వెళ్ళిపోయారు, మీతో నోరారా మాట్లాడే వీల్లేకపోయింది. ఆ రోజు మీరు సైగ చేసే పుల్ల పైకెత్తారు. అది దించగానే మొదలుపెట్టాలని వాద్యకారులంతా దాన్నే చూస్తున్నారు. తెర మీద పడవవాడు కూర్చున్నాడు. మీరు పుల్ల దించలేదు! నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సీను అయిపోయి వంతెన మీద పండగ కనిపించింది, అప్పుడు దించారు. పిల్లలు జెండాలు ఊపుతూ నవ్వుతుంటే వాళ్ళ మీద ఆ నిదానమైన బాణీ! ఒవాదా గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

సినిమా విడుదలైంది. జనం పండగ సీన్లో ఏడుస్తున్నారు బావగారూ! పెద్ద పత్రికలో ఒకాయన రాశాడు: "దుఃఖానికి మౌనం, సంబరానికి దుఃఖం. ఇదీ ఉత్సుమి సిద్ధాంతం." ఇంత ఆలోచన పెట్టుకుని నాకు ముందే ఎందుకు చెప్పలేదు?

మీ శిష్యుడు తెయిజో

తా.క. మీ సిద్ధాంతం మీద ఉపన్యాసం కావాలని టోక్యో నుంచి ఒక కాలేజీ వాళ్ళు అడుగుతున్నారు.


కనజావా

చి. తెయిజోకి దీవెనలు.

సిద్ధాంతమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. పుల్ల ఎత్తి తెర వైపు చూశాను. నువ్వు రాసినట్టే ముసలాయన పడవ కట్టేసి కూర్చున్నాడు. తర్వాత గడ్డి చెప్పులు విప్పాడు. ఒకదానికొకటి తట్టి ఇసక దులిపాడు. మళ్ళీ తొడుక్కున్నాడు. లేవలేదు. ఎక్కడికీ పోయే పని లేనివాడు చెప్పులెందుకు దులుపుకుంటాడు తెయిజో?

అది చూస్తూ నేను చెయ్యి దించడం మర్చిపోయాను. బ్యాండువాళ్ళు కనబడేసరికి ఉలిక్కిపడ్డాను, చెయ్యి జారింది. పాపం వాద్యకారులు అదే సైగ అనుకున్నారు. ఆపుదామని నీ వైపు తిరిగాను. అప్పటికే నువ్వు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నావు. ఇక ఏమని ఆపను?

లోకంలో సంగతులన్నీ రాశావు గానీ చెప్పుల సంగతి ఒక్కసారి రాసుంటే, ఆ సీనుకు సంగీతం అక్కర్లేదని ఫిబ్రవరిలోనే చెప్పేవాణ్ణి.

మీ బావ

తా.క. ఉపన్యాసానికి ఒప్పుకున్నాను. మీ అక్క కొత్త కిమోనో కూడా కుట్టేస్తోంది. నా సిద్ధాంతం ఏమిటో ఆ పత్రికాయన్ని వివరంగా కనుక్కుని త్వరగా రాసి పంపు.