కుడిపక్క దొంగ అడుగు

3 నవంబర్ 2022, గురువారం

ఇవాళ ప్రాక్టీస్‌లో మా గజాలా పద్నాలుగుసార్లు బాస్కెట్ వైపు దూసుకుపోయింది. పదకొండుసార్లు అక్షిత అడ్డంవచ్చి బాల్ లాక్కుంది. పాలచీటీ వెనుక రాసుకున్నాను. జిల్లా టీమ్‌లో ఒక్క జాగానే మిగిలింది. పన్నెండో తారీఖు శనివారం వీళ్లిద్దరికీ పోటీ పెడతానని ప్రవీణ్ సార్ చెప్పాడు.

నా బిడ్డకు వేగం ఉంది, కపటం లేదు.

5 నవంబర్, శనివారం

అక్షిత తల్లి మంజులత, నేను రోజూ గ్రౌండ్ మెట్లమీద ఒకే డబ్బాలో తింటాం. ఇవాళ సర్వపిండిలో పెద్దముక్క నాకే పెట్టి, చెవిలో చెప్పింది. ఖైసరక్కా, పిల్లకు ఎడమ మోకాలు గుంజుతాంది, పొద్దుగాల పసరుకట్టు కట్టిస్తున్న, సార్‌కు తెలిస్తే పక్కకు కూసోబెడతడు, జర నీ కడుపులనే పెట్టుకో అంది. పెట్టుకుంటానన్నాను.

8 నవంబర్

పొద్దున్నుంచీ ఆ మోకాలే కళ్లముందుంది.

10 నవంబర్, సాయంత్రం 5

డాబామీద సుద్దతో గీత గీశాను. బాల్ పట్టుకొని నీ కుడిపక్కకు పోతున్నట్టు అడుగు చూపించు, అక్షిత ఎడమకాలిమీదికి ఒరుగుతుంది, అప్పుడు నువ్వు ఎడమకు పో అన్నాను. రెండు దిక్కులా వెయ్యాలంటడు గద సార్, ఒక్క కుడికేనా అమ్మీ అంది గజాలా. కుడికే అన్నాను. నలభైసార్లు వేయించాను. లెక్క తప్పలేదు.

12 నవంబర్, శనివారం

గజాలా వేసిన మూడో దొంగ అడుగుకే అయిపోయింది. అక్షిత ఒరిగింది. వెనక్కి తిరగబోయింది. మోకాలు తిరగలేదు. బాల్ బాస్కెట్‌లో పడ్డాకగానీ గజాలాకు అక్షిత కేక వినబడలేదు.

ఆటోలో అక్షిత కాలు నా ఒళ్లోనే పెట్టుకున్నాను. దవాఖానలో మంజులత నా చేయి పట్టుకొని, నువ్వు లేకుంటే నేనేమైపోదునో అక్కా అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

జాగా గజాలాకే వచ్చింది. దొంగ అడుగు ఆటలోదే, సార్ నేర్పిందే. ఏ కాలిమీద వెయ్యాలో మాత్రం ఆట చెప్పలేదు. మంజులత చెప్పింది.

14 నవంబర్

మంజులత ఫోన్ చేసింది. ఆరునెలలు ఆట వద్దన్నారట. కట్టు కట్టి మరీ ఆడించిన, నాదే పాపం అంది. ఫోన్ పెట్టేసి డాబా ఎక్కాను.

మూడు బిందెల నీళ్లు పోసినా డాబామీద గీత పూర్తిగా పోలేదు.

16 నవంబర్

అక్షిత దగ్గర పసరుకట్టు సంగతి విని వచ్చిందట గజాలా. నీకు ముందుగాలనే ఎరుకనా అమ్మీ అని అడిగింది.

అన్నం చల్లారుతోంది, రా అన్నాను.

అది నిలబడ్డచోటినుంచి కదలలేదు.