కొత్త సానరాయి మీద మూడు చుట్లు

బావా, నువ్వు గని లోపల ఉన్నావు, ఫోన్ కలవట్లేదు. డ్యూటీ దిగి రాగానే పాప టీకాల కార్డు తీసుకుని దవాఖానాకు రా. కార్డు బియ్యం డబ్బా మీద పెట్టాను.

నిద్రపోతుందని తెల్లారి అత్తమ్మ జాజికాయ అరగదీసి పట్టించినప్పటి నుంచి పాప కళ్లు తెరవట్లేదు, పాలు తాగట్లేదు. రజాక్ అన్న ఆటోలో మేమిద్దరం తీసుకుపోతున్నాం.

అక్కడికొచ్చి అత్తమ్మ మీద అరవకు. "నా కొడుక్కు మూడు చుట్లే అరగదీసి పోసిన, దీనికి గూడ గవ్వే మూడు చుట్లు" అని ఒకటే ఏడుస్తోంది. చిన్నప్పుడు నీకు పోసింది అరిగి అరిగి నున్నబడ్డ పాత రాయి మీద బావా. మొన్న నువ్వు భద్రాచలంలో కొన్నది గరుకు రాయి. దాని మీద అవే మూడు చుట్లకు ఉగ్గుగిన్నె సగం నిండింది. పాతది పారెయ్యొద్దంటే విన్నావా? డాక్టర్‌కు చూపించడానికి కొత్త రాయిని సంచిలో వేసుకున్నాను.

ఆటో వచ్చింది. రాత్రి నీకు నిద్ర పట్టట్లేదని పాప ఏడుపు ఆపమన్నావు. ఇప్పుడది ఒక్కసారి ఏడిస్తే చాలు.